కర్బన రసాయనశాస్త్రం – ఒక భాషగా అధ్యయనం

తెలుగు శాఖకు చెందినవాడు రసాయనశాస్త్రాన్ని గురించి వ్రాయడమేమిటని ఈ సంచిక తెరచినవారు ఆశ్చర్యపడవచ్చు. ఆ ఆశ్చర్యం సహజమే. అయితే ఈ వ్యాసం ప్రయోగశాలను గురించి కాక, ప్రయోగశాల ద్వారం దగ్గర నిలిచిపోయే విద్యార్థిని గురించి వ్రాస్తున్నది. మన కళాశాలలో విజ్ఞానశాస్త్ర విభాగంలో చేరేవారిలో చాలమంది పదవ తరగతి వరకు ఉర్దూలోనో తెలుగులోనో చదివినవారు. ఇక్కడికి వచ్చేసరికి పాఠ్యపుస్తకం ఆంగ్లంలో ఉంటుంది. గణితంలో అంకెలు ఆదుకుంటాయి. భౌతికశాస్త్రంలో సూత్రాలూ పటాలూ కొంత దారి చూపుతాయి. కర్బన రసాయనశాస్త్రం దగ్గర మాత్రం పేర్ల ప్రవాహం ఒక్కసారిగా మీద పడుతుంది. అప్పటివరకు చురుకుగా ఉన్న విద్యార్థి అక్కడ బిత్తరపోయి, అర్థం తెలియని మాటలను రాత్రింబవళ్లు వల్లె వేసి, పరీక్షనాటికి సగం మరచి, చివరకు ఈ శాస్త్రమే తనకు తగదని తీర్మానించుకుంటాడు. కొందరు ఆ కారణంగానే చదువు మార్చుకుంటారు, మరికొందరు మానుకుంటారు. వారిలో తెలివికి కొరత ఉన్నవారు నాకు కనిపించలేదు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. కర్బన రసాయనశాస్త్రంలో సగం రసాయనమైతే సగం భాష. దానికొక లిపి ఉన్నది, పదజాలం ఉన్నది, సంధిసమాసాలు ఉన్నవి, వాక్యనిర్మాణం ఉన్నది. భాషను నేర్చుకునే పద్ధతిలో నేర్చుకున్నవారికి అది లొంగుతుంది. నిఘంటువును కంఠస్థం చేసి భాష నేర్చినవాడు లోకంలో లేడు. పైగా రెండు మూడు భాషల మధ్య పెరిగిన మన విద్యార్థులకు ఈ శాస్త్రంలోని మాటలు వారనుకున్నంత పరాయివి కావు. ఈ వ్యాసంలోని రసాయన విషయాలను మా రసాయనశాస్త్ర శాఖ మిత్రులు చదివి సరిచూశారు. మాటల బాధ్యత నాది.

ముందుగా శాస్త్రం పేరే చూడండి. పాత తెలుగు పుస్తకాలలో దీనిని సేంద్రియ రసాయనమన్నారు. ఇంద్రియాలు గల జీవులకు సంబంధించినదని భావం. ఉర్దూలో నామియాతీ కీమియా అంటారు. నామీ అనగా పెరిగేది, ఎదిగేది. 1918లో ప్రారంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలో శాస్త్రబోధన సాగించిన కాలంలో అణువును సాలిమా అనీ, మూలకాన్ని ఉన్సుర్ అనీ, సమ్మేళనాన్ని మురక్కబ్ అనీ, ఆమ్లాన్ని తుర్షా అనీ మన తాతలు చదువుకున్నారు. సేంద్రియ, నామియాతీ అనే రెండు మాటలూ ఒక పాత నమ్మకాన్ని మోస్తున్నాయి. జీవుల శరీరాలలో దొరికే పదార్థాలు ప్రాణశక్తి వల్లనే ఏర్పడుతాయనీ, గాజుపాత్రలో మనిషి వాటిని తయారు చేయలేడనీ ఆనాటి పండితులు భావించేవారు. 1828లో జర్మనీకి చెందిన ఫ్రెడరిక్ వోలర్ అమ్మోనియం సయనేట్ అనే ఖనిజ లవణం నుండి యూరియాను పొందాడు. అంతకుముందు యూరియా మూత్రంలో మాత్రమే దొరికేది. నేడు మన రైతులు బస్తాలలో తెచ్చుకొని పొలంలో చల్లేది ఆ యూరియానే. వోలర్ ప్రయోగంతో పాత నమ్మకం ఒక్కరోజులో కూలిపోలేదు గాని, దాని పునాది కదిలింది. తరువాత వచ్చిన కర్బన రసాయనశాస్త్రమనే తెలుగు మాట ఈ విధంగా చూస్తే ఎక్కువ సరియైనది. కర్బన పరమాణువు మీద నిలిచిన శాస్త్రం కాబట్టి దానికి ఆ పేరు తగినది.

ఇక ఈ శాస్త్రంలో నిత్యం వినిపించే మూడు మాటలను తీసుకుందాము. ఆల్కహాల్, అనిలీన్, బెంజీన్. మూడూ ఆంగ్లపదాలేనని మన విద్యార్థులనుకుంటారు. మూడూ అరబ్బీ నుండి ఐరోపాకు వెళ్లి, వేషం మార్చుకొని తిరిగి వచ్చినవి.

ఆల్కహాల్ అనగా అల్ కుహ్ల్. కుహ్ల్ అంటే కంటికి పెట్టుకునే సుర్మా. మెత్తగా నూరిన పొడికి చెల్లిన ఆ మాట క్రమంగా ఏ వస్తువునైనా శుద్ధిచేసి తీసిన సారానికి చెల్లింది, ఆపైన ద్రాక్షమద్యం నుండి బట్టీపట్టిన సారానికి స్థిరపడింది. ఇక్కడ మొదటనున్న అల్ అరబ్బీలో నామవాచకానికి ముందు చేరే అవ్యయం. ఐరోపావారు దానిని మాటలో భాగమనుకొని అట్లే ఉంచారు.

అనిలీన్ కథ ఇంకా సొంపైనది. సంస్కృతంలోని నీల శబ్దం పారసీకం మీదుగా అరబ్బీకి వెళ్లి నీల్ అయింది. దానికి అల్ చేర్చితే అన్నీల్ అవుతుంది. అరబ్బీ చదివిన విద్యార్థులకు హురూఫె షమ్సీ, హురూఫె ఖమరీ గుర్తుండే ఉంటాయి. అల్, ఖమర్ కలిస్తే అల్‌ఖమర్. అల్, షమ్స్ కలిస్తే అష్షమ్స్. నకారం షమ్సీ అక్షరం కాబట్టి దాని ముందు లకారం నకారమవుతుంది. తెలుగు విద్యార్థులు దీనిని జగత్, నాథుడు కలిసి జగన్నాథుడైన విధంతో పోల్చుకోవచ్చు. ఆ అన్నీల్ పోర్చుగీసులో అనిల్‌గా మారింది. నీలిమందును బట్టీపట్టి తీసిన ద్రవానికి 19వ శతాబ్దిలో అనిలీన్ అని పేరుపెట్టారు. ఆ పేరులో దాగినది మన నీలమే. 1856లో పర్కిన్ అనే పడుచు విద్యార్థి క్వినైన్ తయారుచేయబోయి, అనిలీన్ నుండి ఊదారంగు అద్దకాన్ని పొందాడు. 1897 నాటికి జర్మనీ కర్మాగారాల కృత్రిమ నీలి బజారుకు వచ్చింది. నీలిమందు పండించే మన దేశపు సాగు దానితో కుంగిపోయింది. ఒక అణువు నిర్మాణం తెలుసుకోవడం ఎంతటి శక్తియో చెప్పడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

మూడవది బెంజీన్. దీనికి మూలం లుబాన్ జావీ, అనగా జావా లోబాన్. దర్గాలలో వేసే లోబాన్, ఇండ్లలో పసిబిడ్డల తల ఆరబెట్టడానికి వేసే సాంబ్రాణి మనకు తెలిసినవే. ఐరోపా దక్షిణ తీరంలోని వర్తకులు లుబాన్ అనే మాటలోని మొదటి అక్షరాన్ని తమ భాషలలోని అవ్యయమనుకొని తీసివేశారు. మిగిలినది బెంజుయీ, బెంజోయిన్ అయింది. ఆ సాంబ్రాణి నుండి తీసినది బెంజోయిక్ ఆమ్లం. 1833లో మిచర్లిష్ ఆ ఆమ్లాన్ని సున్నంతో కలిపి వేడిచేయగా వచ్చిన ద్రవమే బెంజీన్. ఫారడే దీనినే 1825లో దీపాల గ్యాసు తయారీలో మిగిలే నూనె నుండి వేరుచేసి ఉన్నాడు. ఆరు కర్బన పరమాణువులు వలయంగా కూడి ఉన్నాయని కెకులే 1865లో ప్రతిపాదించాడు. భాషాభిమానికి ఇక్కడొక వినోదమున్నది. ఆల్కహాల్‌లో నిజమైన అవ్యయాన్ని మాటలో భాగమనుకొని ఉంచారు. బెంజీన్‌లో మాటలోని భాగాన్ని అవ్యయమనుకొని కోసివేశారు!

ఇట్లే అంకెలు. ఐదు కర్బనాల శృంఖలాన్ని పెంటేన్, ఆరింటిని హెక్సేన్, ఏడింటిని హెప్టేన్, ఎనిమిదింటిని ఆక్టేన్, పదింటిని డెకేన్ అంటారు. గ్రీకు పెంటా, మన పంచ, పారసీక పంజ్ ఒకే కుటుంబపు మాటలు. మొహర్రంలో పీర్ల పంజా ఎత్తే ఊళ్లలో పుట్టినవారికి ఐదు మరచిపోవడం కష్టం. సప్త, హఫ్త్, హెప్టా మూడూ అన్నదమ్ములు; సంస్కృతంలోని సకారం పారసీకంలోను, గ్రీకులోను హకారంగా కనిపిస్తుంది. వారానికి మనం వాడే హఫ్తా మాటలో హెప్టేన్ దాగి ఉన్నది. అష్టమి, దశమి తెలిసినవానికి ఆక్టేన్, డెకేన్ చెప్పనక్కరలేదు. మొదటి నాలుగింటికి మాత్రం ఈ సూత్రం పనిచేయదు. మిథేన్, ఈథేన్, ప్రొపేన్, బ్యూటేన్ పేర్లు అంకెల నుండి రాలేదు; వాటిని గుర్తుపెట్టుకోవలసిందే. వాటిలో మిథైల్‌కు మూలమైన గ్రీకు మాట మన మధు శబ్దానికి చుట్టం. బ్యూటేన్ పేరులో వెన్న ఉన్నది.

వ్యాకరణానికి వస్తాను, ఎందుకంటే విద్యార్థి మార్కులు పోగొట్టుకునేది ఇక్కడే. కర్బన సమ్మేళనానికి శాస్త్రీయ నామం పెట్టే పద్ధతి 1892లో జెనీవాలో జరిగిన సమావేశంలో రూపుదిద్దుకున్నది. 1919లో ఏర్పడిన అంతర్జాతీయ రసాయన సంఘం, అనగా ఐ.యు.పి.ఎ.సి., దానిని సంస్కరిస్తూ వస్తున్నది. ఈ పేర్ల నిర్మాణం మన సమాసం వంటిదే. ప్రకృతి ఉంటుంది; దాని తరువాత ప్రత్యయం, ముందు విశేషణాలు. రాజభటుడు అన్నప్పుడు ప్రధానమైన భటుడు చివర ఉన్నట్లే, ప్రధాన శృంఖలం పేరు చివర ఉంటుంది. 3-ఈథైల్-2-మిథైల్‌పెంటేన్ అనే పేరును కుడి నుండి ఎడమకు విప్పండి. పెంటేన్ అన్నారు కాబట్టి ఐదు కర్బనాలను వరుసగా వ్రాయండి. రెండవ దానికి ఒక కర్బనపు కొమ్మ, మూడవ దానికి రెండు కర్బనాల కొమ్మ తగిలించండి. మిగిలిన ప్రతి చేతికీ హైడ్రోజన్ ఇవ్వండి. కర్బనానికి చేతులు నాలుగే. ఐదు, ఒకటి, రెండు కలిపి ఎనిమిది కర్బనాల అణువు సిద్ధమైంది. కొమ్మలకు అంకెలు వీలైనంత చిన్నవి రావాలి కాబట్టి 2, 3 వచ్చే కొన నుండి లెక్కించారు. 3, 4 వచ్చే కొన నుండి లెక్కించలేదు. ఈథైల్ ముందు రావడానికి కారణం ఆంగ్ల అక్షరక్రమం మాత్రమే. డై, ట్రై, టెట్రా అనేవి ద్వి, త్రి, చతుర్ అని వేరే చెప్పాలా? అది ద్విగు సమాసమే.

సంధి కూడ ఉన్నది. ఈథేన్ మాటను ఆంగ్లంలో వ్రాసినప్పుడు చివర పలుకని అచ్చు ఒకటి ఉంటుంది. ఆల్కహాల్‌ను సూచించే ఓల్ ప్రత్యయం చేరితే ఆ అచ్చు లోపించి ఈథనోల్ అవుతుంది. రాముడు, అతడు కలిసి రాముడతడు అయినప్పుడు ఉత్తు లోపించినట్లే ఇది. పరపదం హల్లుతో మొదలైతే లోపం లేదు. రెండు ఓల్‌లను చెప్పే డయోల్ చేరినప్పుడు ఈథేన్‌డయోల్‌లో అచ్చు చెక్కుచెదరక నిలుస్తుంది. ఈ ఒక్క విషయం గ్రహించినవాడు పదుల కొలది పేర్ల వర్ణక్రమంలో తప్పు చేయడు.

లిపి సంగతి. లత, తల అనే రెండు మాటలలో అక్షరాలు అవే రెండు. కూర్పు మారేసరికి ఒకటి తీగ, మరొకటి శిరస్సు. రెండు కర్బనాలు, ఆరు హైడ్రోజన్లు, ఒక ఆక్సిజన్ ఇచ్చి అణువును కూర్చమంటే రెండు విధాలుగా కూర్చవచ్చు. ఆక్సిజన్ చివర ఉంటే ఈథనోల్. అది 78 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర మరిగే ద్రవం. ఆక్సిజన్ రెండు కర్బనాల నడుమ ఉంటే డైమిథైల్ ఈథర్. అది సున్నాకు దిగువ 24 డిగ్రీల దగ్గరనే మరిగే వాయువు. దీనినే అణుసాదృశ్యమంటారు. కనుక మూలకాల లెక్క మాత్రమే వ్రాసి ఊరుకునే విద్యార్థి, మాట వ్రాయమంటే అక్షరాల జాబితా ఇచ్చినవాడవుతాడు.

ఒక్క కర్బనం తేడా ఎంతటిదో కూడ చెప్పాలి. మిథనోల్‌లో కర్బనం ఒకటి, ఈథనోల్‌లో రెండు. చూడడానికి రెండూ నీటివలె ఉంటాయి, వాసనా దగ్గరే. కల్తీసారా త్రాగి మనుషులు చూపు పోగొట్టుకొన్నారనీ, చనిపోయారనీ పత్రికలలో చదివినప్పుడెల్లా ఆ వార్త వెనుక చాలసార్లు ఉండేది మిథనోల్. కాలేయంలో అది ముందు ఫార్మాల్డిహైడ్‌గా, పిదప ఫార్మిక్ ఆమ్లంగా మారుతుంది. ఆ ఆమ్లం కంటినరాన్ని దెబ్బతీస్తుంది. ఫార్మిక అంటే లాటిన్‌లో చీమ. 1671లో ఇంగ్లండులో జాన్ రే అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడు ఎర్రచీమలను బట్టీపట్టి తీసిన ఆమ్లమిది. చీమ కుట్టిన చోట మంట తెలిసిన మన పిల్లలకు, పేరులో ఫార్మ్ ఉంటే ఒక్క కర్బనమని గుర్తుండాలి.

ఆ కుటుంబంలోనిదే క్లోరోఫారం. దాని శాస్త్రీయ నామం ట్రైక్లోరోమిథేన్. ఒక కర్బనం, మూడు క్లోరిన్లు అని నామమే నిర్మాణం చెబుతున్నది. వాడుక పేరు చరిత్ర చెబుతుంది, శాస్త్రీయ నామం ఆకృతి చెబుతుంది; విద్యార్థికి రెండూ కావాలి. హైదరాబాదు చరిత్రలో ఈ మందుకొక అధ్యాయమున్నది. 1888లోను, 1889లోను ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ధనసహాయంతో, డాక్టర్ ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో హైదరాబాద్ క్లోరోఫారం కమీషన్లు ఇక్కడ పనిచేశాయి. మత్తు మితిమీరితే ముందుగా ఆగేది గుండెయా, ఊపిరియా అనేది ప్రశ్న. ఊపిరియేనని వారు తేల్చారు. క్లోరోఫారం నేరుగా గుండెనే ఆపగలదని తరువాతి పరిశోధనలలో తేలింది. అయినా ప్రపంచ వైద్యలోకం ఆనాడు ఈ నగరం వైపు చూచిందన్నది నిజం.

పదాలు వచ్చాక వాక్యాలు. రసాయన చర్య ఒక వాక్యం. అందులో ఇచ్చేవాడెవరు, పుచ్చుకొనేవాడెవరు, వెళ్లిపోయేవాడెవరు అని అడగడమే చర్యావిధానం తెలుసుకోవడం. పుస్తకాలలో కనిపించే వంకర బాణం ఎలక్ట్రాన్ల జంట కదలికను చూపుతుంది. అది ఎలక్ట్రాన్లు ఉన్నచోట మొదలై, కొరత ఉన్నచోట ముగుస్తుంది. మన విద్యార్థులు దీనిని తరచుగా తలక్రిందులుగా గీస్తారు. మిథైల్ బ్రోమైడ్‌ను హైడ్రాక్సైడ్‌తో చర్య జరపండి. బ్రోమిన్ ఎలక్ట్రాన్లను తనవైపు లాగుకోవడం వల్ల కర్బనం కొరతలో ఉన్నది. హైడ్రాక్సైడ్ దగ్గర మిగులు జంట ఉన్నది. మొదటి బాణం ఆ జంట నుండి కర్బనానికి. కర్బనానికి ఐదవ చేయి లేదు కాబట్టి రెండవ బాణం కర్బన-బ్రోమిన్ బంధం నుండి బ్రోమిన్‌కు. హైడ్రాక్సైడ్ దాత, కర్బనం సంప్రదానం. బ్రోమైడ్ తన భాగం తీసుకొని ఇల్లు వదలినవాడు. మిగిలినది మిథనోల్. ఈ విభక్తులు తెలిసినవానికి నూరు చర్యలు పది చర్యలుగా తగ్గుతాయి.

ఇక అపవాదాలు. ప్రొపీన్‌కు హైడ్రోజన్ బ్రోమైడ్ కలిపినప్పుడు, హైడ్రోజన్లు ఎక్కువగా ఉన్న కర్బనానికే హైడ్రోజన్ చేరి 2-బ్రోమోప్రొపేన్ వస్తుందని రష్యాకు చెందిన మార్కోవ్నికోవ్ 1870లో ప్రకటించాడు. పెరాక్సైడ్ సమక్షంలో ఇది తిరగబడి 1-బ్రోమోప్రొపేన్ వస్తుంది. ఈ మాట 1933లో ఖరాష్ తేల్చాడు. విద్యార్థి సూత్రమొకటి, అపవాదమొకటి వల్లిస్తాడు. మన వ్యాకరణంలో బహుళం అనే మాట ఉన్నది. కొన్నిచోట్ల అగును, కొన్నిచోట్ల కాదు, ఎందుకని అడుగరాదు! రసాయనశాస్త్రంలో అడుగవచ్చు, అడిగి తీరవలసిందే. మొదటి సందర్భంలో ముందుగా చేరేది హైడ్రోజన్ అయాను. అప్పుడు ధనావేశం ఎక్కువ స్థిరంగా ఉండే నడిమి కర్బనం మీద నిలుస్తుంది, బ్రోమైడ్ అక్కడికి వస్తుంది. రెండవ సందర్భంలో ముందుగా చేరేది బ్రోమిన్ పరమాణువు. అది కొన కర్బనానికి చేరుతుంది, జంటలేని ఎలక్ట్రాన్ నడిమి కర్బనం మీద మిగులుతుంది, హైడ్రోజన్ అక్కడికి వస్తుంది. రెండుచోట్లా నడిమి కర్బనమే భారం మోస్తున్నది. ముందు వచ్చిన అతిథి మారాడు, అంతే. ఇది హైడ్రోజన్ బ్రోమైడ్‌కే చెల్లుతుంది. క్లోరైడ్, అయొడైడ్‌లకు చెల్లదు.

చదివే పద్ధతి గురించి రెండు మాటలు. ఈ శాస్త్రాన్ని కంటితో చదువరాదు, చేతితో చదవాలి. రోజుకు పది పేర్లు తీసుకొని ఆకృతులు గీయండి. మరునాడు ఆ ఆకృతులు మాత్రం చూచి పేర్లు వ్రాయండి. కొత్త మాట వచ్చినప్పుడు ఆంగ్లం, తెలుగు, ఉర్దూ మూడు గళ్లలో వ్రాసుకోండి. 1968లో స్థాపితమైన తెలుగు అకాడమి ప్రచురించిన పాఠ్యగ్రంథాలు ఇందుకు తోడ్పడుతాయి. కాగితం మీద కర్బనం చేతులు నలువైపులా చదునుగా కనిపిస్తాయి గాని, అవి నిజానికి నాలుగు ముఖాల ఘనాకృతి మూలలవైపు చాచుకొని ఉంటాయని 1874లో వాంట్ హాఫ్, లె బెల్ విడివిడిగా చెప్పారు. మిథేన్‌లో రెండు బంధాల నడుమ కోణం 109.5 డిగ్రీలు. ఉడికించిన ఆలుగడ్డ ముక్కలు, అగ్గిపుల్లలు ఉంటే ఇంట్లోనే కట్టి చూడవచ్చు. నాలుగు చేతులకు నాలుగు వేర్వేరు వస్తువులు తగిలించి, అద్దంలోని ప్రతిబింబాన్ని కూడ కట్టండి. కుడిచేతి తొడుగు ఎడమచేతికి పట్టనట్లు అవి ఒకదానిపై ఒకటి అమరవు. మన చింతపండు పులుపుకు కారణమైన టార్టారిక్ ఆమ్లానికి ఇట్టి కుడి ఎడమ రూపాలున్నవి. ఆ ఆమ్లపు లవణ స్ఫటికాలను పాశ్చర్ 1848లో చేతితో ఏరి రెండు కుప్పలు చేశాడు.

కళాశాల పాలక సంఘం వారికి ఒక మనవి. అణునమూనాల పెట్టెలు నాలుగైదు కొని గ్రంథాలయంలో ఉంచితే, కొనలేని విద్యార్థులకు గొప్ప మేలు. మొదటి సంవత్సరం విద్యార్థులకు తొలి నెలలో వారానికొక గంట రసాయనశాస్త్ర శాఖ, తెలుగు, ఉర్దూ శాఖలు కలిసి పదజాలం బోధించడానికి అనుమతించండి. దీనికి అయ్యే ఖర్చు చాక్‌పీసులకు మించదు. మూడు భాషల పదపట్టిక తయారుచేసి ఇచ్చే పని మేము ఉచితంగా చేస్తాము.

విద్యార్థులకు అభ్యాసం. నాలుగు కర్బనాలు, పది హైడ్రోజన్లు, ఒక ఆక్సిజన్ ఉన్న సాదృశ్యకాలన్నిటినీ గీసి శాస్త్రీయ నామాలు వ్రాయండి. ఏడు రావాలి. నాలుగు ఆల్కహాల్‌లు, మూడు ఈథర్‌లు. వాటిలో ఒకదానికి మాత్రం కుడి ఎడమ రూపాలున్నవి. అది ఏదో కనుగొని, ఏ కర్బనం వల్లనో గుర్తించి రసాయనశాస్త్ర శాఖలో చూపండి.